ఆటిజం ఉన్న నేను టీచర్లకి పాఠం చెప్పడం, సలహా సమావేశంలో కూర్చోవడం: నా అనుభవం

ఆటిజం గురించి మన దగ్గర టీచర్లకి శిక్షణ పెడితే డాక్టరు గారు వస్తారు, థెరపిస్టు వస్తారు, ఒక తల్లో తండ్రో వచ్చి తమ కష్టం చెబుతారు. ఆటిజంతోనే పుట్టి పెరిగి, ఉద్యోగం చేసుకుంటున్న మనిషి మాత్రం ఆ వరసలో కనబడరు. కొంతకాలంగా విజయవాడ, గుంటూరుల్లో జరిగే కొన్ని శిక్షణలకి, సలహా సమావేశాలకి నేను వెళ్తున్నాను. ఇలా తమ సంగతి తామే చెప్పుకునే వాళ్ళని సెల్ఫ్ అడ్వకేట్లు అంటున్నారు. దీనిలోకి ఎలా వచ్చారు, ఎవరిని అడగాలి అని నాలాంటి వాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. పిలుపు రావడం అంత కష్టం కాలేదు. పిలిచిన చోట నిజంగా మాట్లాడగలిగే ఏర్పాటు చేయించుకోవడమే కష్టమైంది.

మాది గుంటూరు, బ్రాడీపేట. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు చూస్తాను. 2008లో పదో తరగతి రాశాను. అప్పటికి అమల్లో ఉన్న 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. ఆటిజం లాంటి కొన్ని వైకల్యాలున్న వాళ్ళ సంక్షేమం కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది గానీ, బడిలో, పరీక్షల్లో నాకు అక్కరకొచ్చేది అందులో ఏమీ లేదు. 1995 చట్టం స్థానంలో చేసిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చాక ఆ జాబితా 21కి పెరిగింది, ఆటిజం చేరింది. అప్పటికి నా చదువు అయిపోయింది.

ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. ఈ రెండు ఊళ్ళ మధ్య పెరిగిన వాళ్ళకి ఆ చదువు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మెస్సులో ఒకేసారి వందల స్టీలు కంచాలు. ఆ చప్పుడులో నాకు ముద్ద దిగేది కాదు. అందరూ తినేసి వెళ్ళాక చివర్లో వెళ్తే మజ్జిగ, పచ్చడి మిగిలి ఉండేవి. లెక్చరర్లు పిలిచినప్పుడు మొహంలోకి చూసేదాన్ని కాదు, దానికి పొగరని పేరు పెట్టారు. మార్కులు వస్తున్నాయి కాబట్టి ఇంకేమైనా ఉందేమోనని ఎవరూ ఆలోచించలేదు.

27 ఏళ్ళప్పుడు, నిద్ర పూర్తిగా పోయి, ఆఫీసుకి వెళ్ళలేని స్థితికి వచ్చాక ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆటిజం ఉందేమో చూద్దామని ఆవిడే అమ్మని తీసుకురమ్మన్నారు. మన దేశంలో ఆటిజం సర్టిఫికెట్ కోసం వాడే స్కేలు ఒకటుంది, ఐఎస్ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అంటారు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థలో తయారైంది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఆ అంశాల్లో చాలావరకు పక్కవాళ్ళు చూసి చెప్పేవే. "మూడో తరగతిలో బడి మారిస్తే నెలల తరబడి మాట్లాడలేదండీ. దిష్టి తగిలిందేమోనని తాయెత్తు కట్టించాం" అని అమ్మ చెబుతుంటే, ఆ నెలలు లోపల ఎలా గడిచాయో నన్ను కూడా అడిగితే బాగుండునని అనిపించింది. సైకాలజిస్టు గారు తర్వాత అడిగారు కూడా, కానీ ఆ జవాబుకి కాగితంలో చోటు లేదు. టీచర్లతో మాట్లాడాలన్న ఆలోచన నాకు అక్కడే పుట్టింది.

సదరం, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్, ఆ సంగతి క్లుప్తంగా చెప్తాను. సచివాలయంలో స్లాటు బుక్ చేసుకుని వెళ్ళాం. "ఉద్యోగం చేస్తున్నావు, మాటలు బాగానే వస్తున్నాయి, నీకు ఆటిజం ఏంటమ్మా?" అన్న ప్రశ్న అక్కడ ఎదురైంది. రిపోర్టు ఇచ్చి నిలబడ్డాను. సర్టిఫికెట్ వచ్చింది. పెద్దయ్యాక తెలుసుకున్న వాళ్ళకి ఈ ప్రశ్న ఎదురుకావచ్చు, చిన్నప్పటి బడి రికార్డులు, ఇంట్లో పెద్దవాళ్ళ మాట దగ్గర పెట్టుకుని వెళ్ళండి.

మొదటి పిలుపు ఒక స్పెషల్ బీఈడీ కాలేజీ నుంచి వచ్చింది, వైకల్యం ఉన్న పిల్లలకి పాఠం చెప్పే టీచర్లని తయారుచేసే కాలేజీ అది. మా సైకాలజిస్టు గారే నా పేరు చెప్పారు. అక్కడి మేడమ్ ఫోన్ చేసి, "మీ లైఫ్ స్టోరీ చెప్పండమ్మా, మా స్టూడెంట్లకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అన్నారు. నా కథ చెప్పను, క్లాసురూము గురించి చెప్తాను అన్నాను. కథ వింటే జాలి కలుగుతుంది, చప్పట్లు కొడతారు, మర్నాడు క్లాసులో ఏమీ మారదు. ఆ మాటే మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

తర్వాత నాకు కావలసినవి మెయిల్‌లో రాసి పంపాను. ఫోన్లో అడగను, ఎందుకంటే ఫోన్లో ఎదుటివాళ్ళు కాదంటే నాకు మాట ఆగిపోతుంది. ప్రశ్నలు ముందు రోజే రాతలో కావాలి. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్ ఉంటే ఆర్పేయాలి. కీచుమనే మైకు వద్దు. మధ్యలో ఒక పావుగంట నేను ఒంటరిగా కూర్చునే గది కావాలి. శాలువా కప్పొద్దు, చేతికివ్వండి. ఈ చివరిదే వాళ్ళకి మింగుడుపడలేదు. "శాలువా కప్పకపోతే మర్యాదగా ఉండదమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. వెనకనుంచి భుజాల మీద ఏదైనా పడితే నాకు అరగంటసేపు ఒళ్ళంతా మండినట్టే ఉంటుందని, ఆ అరగంట మీ విద్యార్థులకి దక్కదని రాశాను. మడిచి బల్ల మీద పెట్టారు. దానికన్నా పెద్ద మర్యాద నాకు ఇంతవరకు ఎవరూ చేయలేదు.

క్లాసులో చేసిన పని ఒకటి చెప్తాను, ఎందుకంటే ఇప్పటికీ ప్రతి శిక్షణా దానితోనే మొదలుపెడతాను. ఎనిమిదో తరగతి లెక్కల టీచరు ఒక్క ఊపిరిలో చెప్పే మాటలు బోర్డు మీద రాశాను: "పుస్తకం తీయండి, హోమ్‌వర్కు చేశారా, నిన్న చెప్పింది గుర్తుందిగా, ఆ రెండోది చేసెయ్యండి, త్వరగా." ఇందులో ఎన్ని పనులున్నాయో, ఎన్ని ప్రశ్నలున్నాయో విడదీయమన్నాను. రెండు పనులే ఉన్నాయి. హోమ్‌వర్కు గురించి అడిగింది ప్రశ్నా, తీసి చూపించమనడమా? గుర్తుందిగా అన్నదానికి జవాబు చెప్పాలా వద్దా? ఏ రెండోది, పుస్తకంలో రెండో లెక్కా, బోర్డు మీద రెండోదా? త్వరగా అంటే రెండు నిమిషాలా, పదా? నేను ఆ వయసులో ఈ అన్నింటికీ ఒకేసారి జవాబు వెతుకుతూ కూర్చునేదాన్ని, ఈలోపు లెక్క అయిపోయేది, "కలలు కంటున్నావా" అని చీవాట్లు. విద్యార్థుల్లో ఒకమ్మాయి లేచి దాన్ని తిరగ రాసింది: "లెక్కల పుస్తకం 42వ పేజీ తీయండి. రెండో లెక్క చేయండి. పది నిమిషాలు టైము." ఇది ఆటిజం ఉన్న పిల్లలకే కాదండీ, వెనక బెంచీలో ఉన్న అందరికీ పనికొస్తుంది అని తనే అంది.

ఆ తర్వాత వాళ్ళు రాసిన ఐఈపీలు, అంటే ఒక్కో పిల్లవాడికి విడిగా వేసే విద్యా ప్రణాళికలు చూశాను. చాలావాటిలో మొదటి లక్ష్యం, కళ్ళలోకి చూడటం. నేను కళ్ళలోకి చూస్తున్నప్పుడు మాట వినబడదు. వినాలంటే చూపు తిప్పుకోవాలి. పిల్లవాడు పాఠం వినడం మీ లక్ష్యమైతే, చూపు గురించి పట్టుబట్టకండి అని చెప్పాను. దీని మీద చాలాసేపు వాదించుకున్నాం. ఇంటర్వ్యూల్లో ఎలా మరి అని అడిగారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి నేర్పడం కూడా మన పనే అని నా అభిప్రాయం, దాని మీద నాకు సందేహం లేదు.

చివర్లో వెనక వరసలోంచి ఒకబ్బాయి అడిగాడు: "అక్కా, అందరూ మీలా మాట్లాడలేరు కదా. మాట రాని వాళ్ళ తరఫున మీరు ఎలా చెప్తారు?" చెప్పను అన్నాను. వాళ్ళ తరఫున వాళ్ళే చెప్పాలి, దానికి దారి చూడాలి అన్నాను. ఆ రోజు అనేశాను గానీ, దాన్ని చేసి చూపించడానికి సమయం పట్టింది.

ఇదంతా మనతో మొదలైంది కాదని చదివాక తెలిసింది. 1993లో టొరంటోలో జరిగిన సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులనుద్దేశించి, మా గురించి శోకించకండి అని చెప్పారు. అమెరికాలో 2006లో ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వకసీ నెట్‌వర్క్ మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన ఆరి నీమన్ 2010లో ఆ దేశపు జాతీయ వైకల్య మండలి సభ్యుడయ్యారు. మన దేశం 2007 అక్టోబరు 1న ఆమోదించిన, వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో 4వ అధికరణం ఉంది. వైకల్యం ఉన్నవాళ్ళ గురించి చట్టాలు, విధానాలు చేసేటప్పుడు వాళ్ళని సంప్రదించాలి, పనిలో కలుపుకోవాలి అంటుంది. 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా సినిమాల్లో వైకల్యాన్ని చూపించే తీరు మీద తీర్పు ఇస్తూ, మేం లేకుండా మా గురించి ఏదీ వద్దన్న సూత్రాన్నే గుర్తుచేసింది.

చట్టాల్లో కుర్చీలు ఉన్నాయి. 2016 చట్టం 66వ సెక్షను ప్రకారం రాష్ట్ర సలహా మండలిలో వైకల్య సంస్థల తరఫున 10 మంది ఉండాలి, వీలైనంతవరకు వాళ్ళు వైకల్యం ఉన్నవాళ్ళే కావాలి, వారిలో కనీసం ఐదుగురు మహిళలు. కానీ ఆ 10 మందిలో ఆటిజం ఉన్నవాళ్ళు ఒకరైనా ఉండాలని లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం చూడండి. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి గార్డియన్‌ని నియమించేది జిల్లా స్థాయి కమిటీ. అందులో ఒక వైకల్యం ఉన్న వ్యక్తి ఉండాలని రాశారు, బాగానే ఉంది. కానీ ఆ వ్యక్తికి నిర్వచనం 1995 చట్టం నుంచి తీసుకున్నారు. అంటే రాసిన నాటి మాట ప్రకారం, నా జీవితం మీద నిర్ణయం తీసుకునే కమిటీలో నాలాంటి మనిషికి చోటు లేదు. ఇది మొదటిసారి చదివినప్పుడు చాలా బాధ కలిగింది.

కొన్నాళ్ళకి విజయవాడ బందరు రోడ్డులో ఒక సలహా సమావేశానికి పిలిచారు. బడుల్లో, పరీక్షల్లో ఆటిజం ఉన్న విద్యార్థులకి ఏం సదుపాయాలు ఉండాలన్నది విషయం. ఎజెండా పంపలేదు. రాసి అడిగాను. ఫోన్ వచ్చింది: "ఏమ్మా, ఇంతమంది వస్తున్నారు, మీరొక్కరే ఇన్ని అడిగితే ఎలా?" మెయిల్ చేస్తానని పెట్టేసి, 2016 చట్టం 3వ సెక్షనులో ప్రభుత్వం తగిన సర్దుబాట్లు చేయాలని ఉందని, సమావేశానికి కూడా అది వర్తిస్తుందని రాశాను. ఒక్కో కోరిక పక్కన ఎందుకో ఒక్క వాక్యం. ఎజెండా రెండు రోజుల ముందు వచ్చింది. మాట్లాడలేని వాళ్ళు రాసి చూపించవచ్చని కూడా ఒప్పుకున్నారు.

రిజిస్టరులో సంతకం దగ్గరే ఆగిపోయాను. అధికారులు, నిపుణులు, స్వచ్ఛంద సంస్థలు, తల్లిదండ్రులు అని నాలుగు గడులు. "తల్లిదండ్రుల్లో పెట్టెయ్యండి మేడమ్" అన్నాడు అక్కడి కుర్రాడు. నాకు పిల్లలు లేరు. కింద స్కేలుతో గీత గీసి "ఆటిజం ఉన్నవారు" అని రాసి సంతకం పెట్టాను. నా తర్వాత ఆ గడిలో ఇంకో సంతకం పడింది.

ఆ సంతకం తెనాలి నుంచి వచ్చిన అబ్బాయిది. 24 ఏళ్ళు. మాట రాదు, ట్యాబ్‌లో టైపు చేస్తే అది చదివి వినిపిస్తుంది. అతని వంతు వచ్చినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న సార్ తల్లి వైపు చూసి "బాబు ఏమంటాడమ్మా?" అన్నారు. "అడగండి సార్, చెప్తాడు" అన్నారావిడ. ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, ట్యాబ్ జోలికి పోలేదు. అతను కుడి చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నాడు. ఒక గుణింతం తప్పు పడితే చెరిపి మళ్ళీ కొడుతున్నాడు. కాసేపు చూసి సార్ "సరే, తర్వాత చూద్దాం" అని పక్కవాళ్ళ పేరు పిలిచారు. నేను చెయ్యెత్తాను. "అతను చెప్తున్నారు సార్. పూర్తయ్యేదాకా ఆగుదాం" అన్నాను. అప్పుడే టీ వచ్చింది, గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు. అతను చెవులు మూసుకున్నాడు. టీ పట్టుకొచ్చిన పెద్దాయన అది చూసి, ట్రే పట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. ఎవరూ చెప్పకుండానే. అతను మళ్ళీ మొదలుపెట్టాడు. ట్యాబ్ చదివింది:

"పరీక్షలో గంట ఎక్కువ ఇచ్చారు. ఇన్విజిలేటరు నా వెనకాల నిలబడ్డారు. గంటంతా అదే."

2018లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నాయి. మూడు గంటల పరీక్షకి ఒక గంట. ఆ గంట ఇచ్చాం కదా అన్నదే అప్పటిదాకా ఆ గదిలో అందరి మాట. సార్ ఈసారి అతని వైపే చూసి అడిగారు, మరి ఎలా ఉంటే బాగుంటుందని. మళ్ళీ టైపు చేశాడు, ఈసారి అందరూ ఆగారు. "వెనక వద్దు. ఎదురుగా కూర్చోవాలి. ముందు రోజు గది చూపించాలి." మూడు వాక్యాలూ మినిట్స్‌లోకి, అంటే సమావేశంలో ఎవరేమన్నారో రాసే కాగితంలోకి ఎక్కాయి. ఏ నిపుణుడూ ఈ సంగతి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాకు తట్టనే లేదు, ఎందుకంటే నాకు వెనక మనిషి ఉంటే ఇబ్బందే గానీ చెయ్యి ఆగిపోదు. బీఈడీ కాలేజీలో ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే.

అదే సమావేశంలో ఒకావిడ నా మీద కోపగించుకున్నారు. "మీకేం, మీరు మాట్లాడతారు, ఉద్యోగం చేస్తారు. మా వాడు బాత్రూంకి కూడా ఒక్కడూ వెళ్ళలేడు. మీరు చెప్పేవి మా వాడికెలా కుదురుతాయి?" నేను అక్కడ వాదించలేదు. ఈ ప్రాంతంలో స్పెషల్ స్కూళ్ళు, థెరపీ సెంటర్లు చాలావరకు ఇలాంటి తల్లులు తిరిగి తిరిగి పెట్టించుకున్నవే. భోజనాల దగ్గర ఆవిడ పక్కన కూర్చుని, మీ అబ్బాయికి ఇష్టం లేకపోతే మీకెలా తెలుస్తుందండీ అని అడిగాను. ఆవిడ ఆలోచించి, "గ్లాసు బోర్లించేస్తాడు" అన్నారు. నీళ్ళ గ్లాసయినా, పాల గ్లాసయినా, ఆఖరికి బయటికి వెళ్దామన్నా సరే, వద్దంటే దగ్గర్లో ఉన్న గ్లాసు బోర్లిస్తాడట. స్కూల్లో ఈ సంగతి తెలుసా అంటే తెలియదన్నారు. గ్లాసు బోర్లించడం అల్లరి అని అక్కడ రిపోర్టులో రాస్తున్నారట. అది అతని మాట అని ఐఈపీలో రాయించమన్నాను. ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేసి రాయించానని చెప్పారు. ఎక్కువ సాయం అవసరమైన వాళ్ళకి తమ సంగతి చెప్పుకునే హక్కు తక్కువ ఉండదు. చూసే కళ్ళు ఇంకొంచెం ఎక్కువ కావాలి, అంతే.

ఒళ్ళు సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి సమావేశం అయ్యాక గుంటూరు నాన్‌స్టాప్ బస్సు ఎక్కేసరికి నాకు మాట రాదు. కండక్టరుకి చిల్లర ఇచ్చి వేలితో చూపిస్తాను. మర్నాడు ఆఫీసుకి సెలవు పెడతాను. అందుకే పారితోషికం అడుగుతాను. డాక్టరు గారికి, థెరపిస్టుకి ఇచ్చినంతే. మొదట్లో ఒక చోట జ్ఞాపిక ఇచ్చి పంపారు. మీరొచ్చింది సేవ కోసం కదా అన్నారు. నేను వెళ్ళింది పని చేయడానికి. పాఠం తయారుచేయడానికి రోజులు పడుతుంది, చెప్పాక కోలుకోవడానికి ఇంకో రోజు. నా తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఉద్యోగం లేనివాళ్ళు కావచ్చు, వాళ్ళకి ఉచితంగా రమ్మనే అలవాటు నేను చేయకూడదు.

మినిట్స్ కాపీ అడిగి తీసుకోండి. ఇది కొత్తగా వెళ్ళే ప్రతివాళ్ళకి చెప్తున్నాను. నాకు వచ్చిన మొదటి కాపీలో నా పేరు పక్కన "తల్లి" అని పడింది, తెనాలి అబ్బాయి పేరు బదులు వాళ్ళమ్మగారి పేరు ఉంది. రిజిస్టరు పేజీ ఫోటో జతచేసి రాశాను. సరిచేసి పంపారు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, రేపు ఆ ఇన్విజిలేటరు మాట ఎవరిదని వెతికితే కాగితంలో అతని పేరే కనబడాలి.

ఇప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో పనిచేసే టీచర్ల కోసం ఒక పాఠం తయారుచేయమని అడిగారు. పరీక్ష గది, భోజనం, బడి మారడం, ఈ మూడింటి మీద రాస్తున్నాం. భోజనం నేను రాస్తున్నాను, ఆ మెస్సు చప్పుడు ఎలా ఉండేదో నాకు తెలుసు కాబట్టి. పరీక్ష గది భాగం తెనాలి అబ్బాయిది. తన పేజీలో ఎవరూ అక్షరం మార్చకూడదని షరతు పెట్టాడు, సరేనన్నాం. అతనికి కూడా మాతో సమానంగా పారితోషికం ఇవ్వాలని, శిక్షణ రోజు అతను టైపు చేయడానికి పట్టే సమయం టైమ్‌టేబుల్లోనే వేయాలని లెటర్ పెట్టాం. రెండోదానికి ఒప్పుకున్నారు. మొదటిదానికి జవాబు రావాలి.